ఉప్పునీళ్ళ బేరం

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువ. ఇప్పుడంత లేదు. వయసుతో పాటు జుట్టు, ఆకలి, తెలివి మూడూ తగ్గుతూ వస్తాయని మా ఆవిడ అంటుంది. మొదటి రెండింటికీ కాస్త బాధపడుతుంది గానీ మూడోది తగ్గినందుకు మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. నా తెలివి మంచి వయసులో ఉండగా ఏం చేసిందో దగ్గరుండి చూసిన మనిషి ఆవిడ ఒక్కర్తే మరి. కావలసిన వస్తువు కంటబడితే కావాలని చెప్పకూడదు, అక్కర్లేనట్టు మొహం పెట్టాలి, అప్పుడా వస్తువే మన వెనక పరిగెత్తుకొస్తుంది అని అప్పట్లో నా గట్టి నమ్మకం. పూర్ణా మార్కెట్లో వంకాయల దగ్గర ఈ విద్య బాగానే పనిచేసేది. (రెండుసార్లు పుచ్చు వంకాయలు వచ్చాయి, అది వేరే సంగతి.) వంకాయల దగ్గర పనిచేసిన విద్య ఇంటి దగ్గర కూడా పనిచేస్తుందనుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

ఆ చిక్కు వచ్చేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చోడవరం అవతల చెరకు పండించుకునే ఇంట్లోంచి వచ్చి, అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో కుదురుకున్నాను. (అంటే తయారైన సరుకులో లోపాలు వెతకడం. జీతం పుచ్చుకుని చేసే ఆ పనిని ఇంటి దగ్గర ఉచితంగా చేశానన్నమాట.) మా ఆవిడ ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో ఆఫీసు పని చూసేది. ఇద్దరివీ చెరో దిక్కు కాబట్టి, ఆవిడకి నడిచే దూరంలోనూ నాకు కంపెనీ బస్సు దొరికే చోటా ఉంటుందని జ్ఞానాపురంలో అద్దెకి దిగాం. చిన్న డాబా ఇల్లు. ముందు భాగంలో ఇంటావిడ, వెనక రెండు గదుల్లో మేము. నేలంతా ఎర్ర గచ్చు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చాప లేకుండా పడుకుంటే వీపుకి చల్లగా తగిలేది. పెరట్లో ఒక పనసచెట్టు. మేడ మీదికెక్కితే హార్బరు క్రేన్లు కనిపించేవి, గాలి ఇటు తిరిగిన రోజున ఓడ కూత మా వంటింట్లోకి వినిపించేది. ముందు భాగానికి మునిసిపల్ కుళాయి, వెనక భాగానికి బోరు. ఆ బోరు ఇంటావిడ అద్దెకుండేవాళ్ళ కోసమే వేయించింది. ఆ నీళ్ళు ఎంత బాగుండేవంటే, మా నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడల్లా చెంబుడు తాగి, "ఏట్రా ఇది, పట్నంలో మన ఊరి నీళ్ళు తాగతన్నారు" అని మీసం తుడుచుకునేవాడు.

ఇంటావిడని వీధి వీధంతా సిస్టరమ్మ అనేవారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కో గదీ ఒక్కో ఏడాది, తన జీతంతోనే కట్టుకున్న ఇల్లది. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. ఎదుటివాళ్ళు చెబుతారన్న సంగతి తట్టదు కూడా. మేం ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున, మేం అడక్కుండానే, "వంటింటి తలుపు వానాకాలం మూసుకోదమ్మా. పనసపళ్ళ కాలంలో ఈగలొస్తాయి. ఆదివారం పొద్దున్నే నాను గట్టిగా పాటలు పాడతాను, గొంతు బాగోదు. ఇవన్నీ ఓర్చుకుంటామంటేనే దిగండి" అని చెప్పింది. ఇంటికి ఇన్ని లోపాలు చెప్పి అద్దెకిచ్చినావిడని నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. నాకోసారి విషజ్వరం వచ్చి ఇంజక్షన్లు రాశారు. సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగితే సిస్టరమ్మ మంచం పక్కన కూచుని, "ఏటి బాబూ, పొడవకముందే ఏడుస్తన్నావు! కళ్ళు మూసుకుని మీ ఊళ్ళో పశువుల్ని లెక్కెట్టు" అంది. మూడో ఆవు దగ్గరికి వచ్చేసరికి సూది తీసేసి దూదితో రుద్దుతోంది. అయిదు రోజులూ అలాగే ఆవుల్ని లెక్కపెట్టించి నన్ను బతికించింది.

మూడేళ్ళు గడిచాక ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే మా గుమ్మంలో కూచుంది. "పార్వతీపురంలో మా చెల్లికి మోకాళ్ళు పూర్తిగా పోనాయమ్మా. ఒక్కర్తీ ఉంటంది. నాను దాని దగ్గరికే వెళ్ళిపోదామనుకుంటన్నాను. ఈ ఇల్లు అమ్మీసి, దాని ఇంటి పక్కనే నాకో గది వేసుకుంటాను" అంది. తరవాత మా ఇద్దరి మొహాలూ చూసి, "ఎవరికో ఎందుకు? మీకైతే ఇల్లు ఇల్లులాగే ఉంటాది. మీకు కుదిరితే మీకే ఇస్తాను" అని ధర చెప్పింది. మా వీధిలో నడుస్తున్న ధరకంటే తక్కువే. బ్యాంకు లోనూ, మా నాన్న ఇస్తానన్నదీ కలిస్తే మా చేతికందే ధర. మా ఆవిడ కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి. వెనకనుంచి మోచేత్తో నన్ను పొడిచింది కూడా. నా నాలిక చివరిదాకా 'అలాగేనండీ' వచ్చేసింది. సరిగ్గా అప్పుడే నా మొహం దానంతటదే వంకాయల దగ్గర పెట్టే మొహంగా మారిపోయింది. "ఆలోచించుకుని చెబుతామండీ" అన్నాను. ఆవిడ వెళ్ళీ వెళ్ళగానే బావకి ఫోన్ చేశాను.

ఈ బావ మా అక్క భర్త. చుట్టాలందరూ 'ప్లానింగు బావ' అంటారు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్సు. సొంతంగా సెంటు జాగా కొన్న పాపాన పోలేదు గానీ, చుట్టాల్లో ఎవరు ఇల్లు కొన్నా అమ్మినా ఆయన సలహా లేకుండా జరగదు. (ఆయన సలహా విన్నవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పిలిచాను.) మర్నాడు డ్యూటీ దిగి నిద్రయినా పోకుండా వచ్చాడు. సిస్టరమ్మ బజారుకి వెళ్ళిన సమయం చూసి ఇల్లంతా పరీక్ష చేశాడు. వేలి కణుపులతో గోడ మీద కొట్టి, చెవి ఆనించి, డాక్టరులాగా తలాడించాడు. జేబులోంచి గోళీకాయ తీసి గచ్చు మీద పెట్టాడు. అది కదల్లేదు. "ఓర్నాయనో, కదల్లేదు బావా! ఇలాంటి గచ్చు ఇప్పుడెవడేత్తాడు?" అన్నాడు. చివరికి బోరునీళ్ళు రెండు గ్లాసులు తాగి, నా భుజం పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్ళాడు.

"బావా, ఇది ఇల్లు గాదు, బంగారం. ఒగ్గకు."

"అయితే సరేనని చెప్పేస్తాను."

"సత్తావు! బంగారమని నీకు తెలిసినట్టు ఆవిడకి తెలీకూడదు. వారానికో లోపం సెప్పు. మెల్లిగా సెప్పు, బాధపడతన్నట్టు సెప్పు. నెల తిరిగీసరికి ఆవిడే వచ్చి, ఎంతో కొంతకి తీసుకో బాబూ అంటాది. నాను సెప్తన్నాను గదా!"

బట్టలారేస్తున్న మా ఆవిడ ఇదంతా విని, "తగ్గించాలంటే తగ్గించమని అడిగితే సరిపోదా అన్నయ్యగారూ? ఆవిడ తగ్గించినా తగ్గిస్తుంది. తగ్గించకపోయినా మనకి అందే ధరే కదా" అంది. బావ జాలిగా నవ్వాడు. "సెల్లెమ్మా, నీకు మార్కెట్టు తెలీదమ్మా" అన్నాడు. నేను కూడా మార్కెట్టు తెలిసినవాడిలా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మొదటి వారం వాస్తు. "ఆగ్నేయం పెరిగిందంటున్నారండీ, మా పెద్దవాళ్ళు కాస్త సందేహిస్తున్నారు" అన్నాను. "ఆగ్నేయమంటే ఎటు బాబూ?" అని సిస్టరమ్మ శ్రద్ధగా అడిగింది. చెయ్యెత్తి చూపించాను. (తరవాత చూసుకుంటే అది వాయవ్యం.) ఆవిడ అటు చూసి, "ఆ మూలేనా? ఎండాకాలం నాను అక్కడే మంచం వేసుకుంటాను. మంచి నిద్ర పడతాది" అని వెళ్ళిపోయింది. రెండో వారం చెమ్మ. బీరువా వెనక గోడ మీద మూడు రోజులపాటు మగ్గుతో నీళ్ళు కొట్టి, నాలుగో రోజు ఆవిణ్ణి పిలిచి చూపించాను. "అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పరేటమ్మా!" అని ఆ మధ్యాహ్నమే తాపీమేస్త్రీని తీసుకొచ్చి, ఆ గోడే కాకుండా పక్క గోడ కూడా గీకించి సిమెంటు చేయించి సున్నం వేయించింది. ధర తగ్గలేదు సరికదా, ఇల్లు ఇంకా బాగుపడింది. బావకి చెబితే, "మంచిదేగా! కొన్నాక మనకి రిపేరు తప్పింది" అన్నాడు. ఆయన ప్లానులో నష్టమనే గడి ఉండేది కాదు.

మూడో వారం నీళ్ళు. ఇది మాత్రం బావ రెండు రోజులు ఆలోచించి చెప్పిన ఉపాయం. "నీళ్ళు బాగోని ఇల్లు కుక్క కూడా కొనదు బావా. తాగీ బిందెలో రెండు సెంచాల ఉప్పెయ్యి. ఆవిడొచ్చినప్పుడు ఒక గ్లాసియ్యి. నువ్వేటీ సెప్పకు, నీళ్ళే సెప్పుకుంటాయి" అన్నాడు. రెండు చెంచాలైతే ఆవిడ వయసుకి రుచి తెలుస్తుందో లేదోనని నేను రెండు గుప్పిళ్ళ కల్లుప్పు వేసి, గరిటెతో కలిపాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆవిడకి పెట్టే నీళ్ళండీ అవి" అంది. సాయంత్రం సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. గ్లాసుడు నీళ్ళిచ్చాను. ఆవిడ ఒక గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయింది. ఒకరింట్లో ఇచ్చిన నీళ్ళు ఉమ్మడం మర్యాద కాదని కాబోలు, కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. తరవాత గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"ఇవేటి బాబూ... ఇవేనా మీరు తాగుతన్నవి?"

"ఈ మధ్య కాస్త ఎక్కువైందండీ," అన్నాను బాధపడుతున్నట్టు. "మాకు అలవాటైపోయింది లెండి."

ఆవిడ గబగబా ముందు భాగంలోకి వెళ్ళి బీపీ చూసే పెట్టె పట్టుకొచ్చింది. నా చెయ్యి లాక్కుని పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, నా గుండె దొరికిపోయిన దొంగ గుండెలా కొట్టుకుంటోంది. ఒకసారి చూసింది, నమ్మలేక మళ్ళీ చూసింది. "ప్రభువా! ఇంత చిన్న వయసులో ఇంత బీపీయా!" అంది. మా ఆవిడకి చూస్తే సరిగ్గా ఉంది. "అమ్మాయికి బాగానే ఉందే?" అని ఆశ్చర్యపోయింది. "ఆవిడ నీళ్ళు తక్కువ తాగుతుందండీ" అన్నాను నేను. (ఇది బావ చెప్పింది కాదు, నా సొంత తెలివి.) సిస్టరమ్మ ఒక ఖాళీ టానిక్కు సీసాని వేణ్ణీళ్ళతో కడిగి, ఆ బిందెలోంచే నీళ్ళు నింపుకుని, తనకి తెలిసిన ల్యాబుకి పట్టుకెళ్ళింది. బోరు దగ్గరికి వెళ్ళి పడుతుందేమోనని నా ప్రాణం పోయింది గానీ, మూడేళ్ళు తన ఇంట్లో ఉన్న మనిషి బిందెలో ఉప్పు కలుపుతాడని ఆవిడకి ఎందుకు తడుతుంది! ల్యాబులో కుర్రాడు పరీక్ష చేసి, "ఇవి బీచి దగ్గర పట్టేరేటమ్మా?" అని అడిగాడట.

ఇంక పని అయిపోయిందన్నాడు బావ. "గాలం పడింది. నువ్వు లాగకు. దానంతటదే వస్తాది" అన్నాడు. ఆ వారం రోజులూ నేను నేల మీద నడవలేదు. ఆవిడ ప్రార్థనకి వెళ్ళిన సమయంలో టేపు పట్టుకుని ముందు గదులు కొలిచాను. మధ్యగోడ తీసేస్తే పెద్ద హాలు వస్తుందని, కిటికీ కింద మంచం పడుతుందని, మేడ మీద ఒక గది వేసి అందులో కూచుని ఓడలు చూడొచ్చని కాగితం మీద గీసుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి వస్తూ గాజువాకలో దిగి కర్టెన్ల గుడ్డ ధర కూడా కనుక్కున్నాను. (బేరమాడి, అక్కర్లేనట్టు మొహం పెట్టి వచ్చేశాను.) ఆ ఇల్లంటే నాకు అంత ఇష్టం. ఆ ఇష్టం మా ఆవిడకి తెలుసు, బావకి తెలుసు, కర్టెన్ల కొట్టువాడికి కూడా కొంత తెలిసే ఉంటుంది. తెలియనిది సిస్టరమ్మకి ఒక్కదానికే.

గురువారం సాయంత్రం ఆవిడ వచ్చింది. ఒక చేతిలో ల్యాబు కాగితం, ఇంకో చేతిలో ఒక అట్టపెట్టె. ధర తగ్గించడానికి వచ్చిందని నేను మొహం సర్దుకున్నాను. ఆవిడ వచ్చి కుర్చీలో కూచుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇద్దరూ కూకోండమ్మా," అంది. "ఆ నీళ్ళు తాగడానికి పనికిరావంట. కాగితం మీద రాసిచ్చినారు. నాను నర్సుగా ఇన్నేళ్ళు చేసి, నా ఇంట్లో ఉన్న పిల్లలకి ఉప్పునీళ్ళు పోసినాను. మీరు నోరెత్తి ఒక్క మాట అన్లేదు. వారం నించీ నాకు నిద్ర లేదు."

"అదేం లేదండీ..." అన్నాను.

"నువ్వు అలగే అంటావు బాబూ, నీ మనసు నాకు తెలీదేటి? ఇలాంటి ఇల్లు మీకంటగడితే రేపు దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాను? అందుకే మీకివ్వకూడదని అనుకున్నాను. నిన్న ఒక బిల్డరు వస్తే ఆయనకి మాటిచ్చీసినాను. ఏదీ దాచలేదు. గోడ చెమ్మ, నీళ్ళ ఉప్పు, ఆ మూలేదో పెరిగిందన్నావు గదా, అది కూడా చెప్పీసినాను. ఆయన నవ్వి, ఎలాగూ పడగొట్టీదే గదమ్మా అన్నాడు. బయానా తీసుకుని సంతకం పెట్టీసినాను."

ఆవిడ అట్టపెట్టె మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. కొత్త వాటర్ ఫిల్టరు. "ఇకమీదట ఎక్కడ అద్దెకున్నా ఇది బిగించుకోండి. ముందు నీళ్ళు చూసుకుని, ఆ తరవాతే దిగండి" అంది.

"మాకే ఇచ్చెయ్యండి సిస్టరమ్మగారూ. మీరన్న ధరకే తీసుకుంటాం. నీళ్ళదేముంది, సర్దుకుంటాం" అన్నాను. అన్ని వారాల్లో నేను చెప్పిన మొదటి నిజం అదే. ఆవిడ లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. "ఎంత మంచోడివి బాబూ. నాను బాధపడతన్నానని అంటన్నావు. వద్దు, సర్దుకోకండి" అంది. మా ఆవిడ నా వైపు చూసి, నెమ్మదిగా, "చెప్పండి" అంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. ఉప్పు నేనే వేశాను. మూడే మాటలు. కానీ ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది. ఆ చెయ్యి కింద కూచుని ఆ మూడు మాటలు అనడానికి ధైర్యం చాలలేదు. ఆవిడ వెళ్ళిపోయింది. బావకి ఫోన్ చేస్తే, "అలగెలగ ఇచ్చీసింది? మనం ఇంకా బేరమే మొదలెట్టలేదు గదా!" అని మండిపడ్డాడు. అన్యాయం సిస్టరమ్మే చేసినట్టు ఒక పావుగంట తిట్టాడు.

మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మీరడగొచ్చు, ఆవిడైనా నిజం చెప్పొచ్చు కదా అని. ఆ తరవాతెప్పుడో నేనూ అడిగాను. "మీ అబద్ధం నేను చెప్పలేదు. మీ నిజం నేనెందుకు చెప్పాలి?" అంది. అయిదో రోజు అన్నం పెడుతూ, "ఒకటి అడుగుతాను. ఆ ఇల్లంటే మనకి ఇష్టమని ఒక్కసారైనా ఆవిడతో అన్నారా?" అంది. ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాను. వాస్తు గురించి చెప్పాను, చెమ్మ గురించి చెప్పాను, ఉప్పు గురించి చెప్పాను. అదొక్కటి ఎప్పుడూ అనలేదు.

రిజిస్ట్రేషను అయిపోయాక సిస్టరమ్మ బయల్దేరే రోజు వచ్చింది. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పెట్టెలు పట్టుకుని పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళి ఆవిణ్ణి పార్వతీపురం బస్సులో కిటికీ పక్క సీట్లో కూచోబెట్టాను. దిగి కిటికీ కింద నిలబడ్డాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. చుట్టూ జనం, అరటిపళ్ళ బుట్టలు, కండక్టరు కేకలు. వాటి మధ్యనే గట్టిగా, "సిస్టరమ్మగారూ, ఆ నీళ్ళు మంచివేనండీ. ఉప్పు నేనే వేశాను. ధర తగ్గిస్తారని. గోడకి నీళ్ళు కొట్టింది కూడా నేనే" అన్నాను. ముందు సీట్లో ఒకాయన పేపరు దించి నన్ను చూశాడు. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. అప్పుడు ఆవిడ నవ్వింది. కిటికీలోంచి చెయ్యి చాపి నా చెంప మీద తట్టింది.

"నాను దిగులు పెట్టుకుని పోతన్నానని ఇంత కథ కట్టేవా బాబూ? సూదికి ఏడ్చినోడివి, నువ్వు ఉప్పేస్తావా! నీకు అబద్ధం చెప్పడం రాదు. నీ మొహం చూస్తేనే తెలిసిపోతాది."

"లేదండీ, నిజంగా..." అంటుండగానే బస్సు కదిలింది. నాలుగడుగులు పక్కన నడిచాను. "బీపీ చూపించుకోడం మానకు! అమ్మాయిని బాగా చూసుకో!" అని ఆవిడ అరిచింది. బస్సు గేటు దాటి మలుపు తిరిగింది. చెప్పిన అబద్ధాలన్నీ నమ్మి, చెప్పిన నిజాన్ని మాత్రం అబద్ధమనుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఇంక నేను ఎవరికి చెప్పుకోను?

మేం మర్రిపాలెం వైపు ఇంకో అద్దె ఇంటికి మారాం. రెండు నెలలకి ఉండబట్టలేక అటు వెళ్ళాను. గోడలు లేవు. ఎర్ర గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఒక పక్క పోసి ఉంది. పనసచెట్టు మొదలు మీద కూలీలు టిఫిన్ డబ్బాలు పెట్టుకున్నారు. బోరు మాత్రం ఉంచారు. వాచ్‌మన్ నన్ను కొనుక్కోడానికి వచ్చినవాణ్ణనుకుని, గ్లాసు తెచ్చి, "ఒకపాలి తాగి చూడండి సారూ. కొబ్బరినీళ్ళే! ఈ నీళ్ళ కోసమే వెనకీధోళ్ళు బిందెలట్టుకొస్తన్నారు" అన్నాడు. తాగాను. నిజమే చెప్పాడు. అక్కడ కట్టబోయే ఫ్లాటు ధర అడిగితే, ఆ ఇల్లంతటికీ సిస్టరమ్మ అడిగిన ధరకి ఇంకొంత కలిపి చెప్పాడు. అయిదేళ్ళ తరవాత కూర్మన్నపాలెం దగ్గర నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. ఎండాకాలం ట్యాంకరు వస్తేనే నీళ్ళు. ధర చెప్పగానే, బేరమైనా ఆడకుండా, "మాకు చాలా నచ్చిందండీ" అన్నాను. అమ్మేవాడు అనుమానంగా చూశాడు.

సిస్టరమ్మ ఫోన్లు చేస్తూనే ఉంటుంది. కిందటేడు ఆవిడకి తుంటి ఎముక ఆపరేషనై కోలుకున్నాక, ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకుంది. తప్పకుండా రమ్మంటే ఇద్దరం రైల్లో వెళ్ళాం. చెల్లెలి ఇంటికి ఆనించి చక్కటి గది కట్టుకుంది. వాకిట్లో షామియానా, కుర్చీలు. గేటులోకి అడుగుపెట్టగానే పక్కింటావిడ ఎదురొచ్చి, "ఉప్పునీళ్ళబ్బాయి మీరేనేటి! మీ గురించి వినని వారం లేదు" అని చేతులు జోడించింది. ఇంకో పెద్దాయన లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. ప్రార్థన మధ్యలో పాస్టరుగారు కళ్ళు తెరిచి, నన్ను చూపించి, "మూడేళ్ళు ఉప్పునీళ్ళు తాగి కూడా ఒక్క ఫిర్యాదు చెయ్యని మనిషి ఈయన. ఆమె బాధపడుతుంటే ఆ తప్పు కూడా తన మీద వేసుకున్నాడు. ఇలాంటి ఓర్పు, ఇలాంటి నిజాయితీ మనకీ ఇమ్మని అడుగుదాం" అన్నారు. నేను సగం లేచాను. ఇంతమంది ముందు చెబితే ఈసారైనా నమ్మక తప్పదనుకున్నాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కిందకి లాగింది.

"కూచోండి," అంది చెవిలో. "ముందే చెప్పి ఉంటే ఆవిడ కట్టుకున్న ఇల్లు మిగిలేది. ఇప్పుడు చెబితే ఆవిడకి ఈ మంచి అబ్బాయి కూడా మిగలడు."

ముందు వరసలో సిస్టరమ్మ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, చెల్లెలి పక్కన కూచుని, వెనక్కి తిరిగి నా వైపే చూస్తోంది. తన కడుపున పుట్టినవాడికి బహుమతి ఇస్తున్నట్టు మొహమంతా వెలిగిపోతోంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే కాస్త ఆలస్యంగా.

తిరుగు రైల్లో మా ఆవిడ నిద్రపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ, ఆ ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి తలుచుకున్నాను. దొరికితే నాలుగు తగిలించాలని చాలా ఏళ్ళు అనుకున్నాను. కానీ ఎప్పుడు తలుచుకున్నా వాడు ఆ వారంలోనే కనిపిస్తాడు. సాయంత్రం ఎండలో, చెవి వెనక పెన్సిలు, చేతిలో టేపు పెట్టుకుని, మేడ మీద ఎక్కడ గది వేస్తే ఓడలు కనిపిస్తాయా అని పిట్టగోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూస్తుంటాడు. ఈల కూడా వేస్తుంటాడు వెధవ. అంత సంతోషంగా ఉన్నవాణ్ణి ఏమని తిట్టను?